సరాయి నుంచి యాప్ దాకా: చౌక కమ్రా హిసాబ్

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో హోటల్ అంటే పడుకునే జాగా కాదు. హోటల్ అంటే చాయ్, బిస్కట్, ఒకే పేపర్‌ను నలుగురు పంచుకుని చదవడం. పడుకోవడానికి కిరాయికి దొరికేది లాడ్జి. అందుకే మొన్న కోరుట్లలో మా భాంజా ఫోన్ చూపిస్తూ "ముంబైలో హోటల్ 699కే దొరికింది మామూ" అని నాతో అంటుంటే, పక్కనే కూర్చున్న మా బడే మామూ వెంటనే అడిగారు: "ఇత్తే పైసోంమే కిత్తే లోగాంకు దావత్ దేరా రే?" ఇంటిల్లిపాదీ నవ్వాం.

నవ్వులు ఆగాక బడే మామూ లోపలికి వెళ్లి ఒక పాత కాపీ తెచ్చారు. 1981లో సౌదీ వీసా కోసం ఆయన బాంబేలో 42 రోజులు ఇంతెజార్ చేశారు. ఆ 42 రోజుల హిసాబ్ అందులో ఉంది. ఉర్దూలో, పెన్సిల్‌తో. చాయ్ ఇంత, లోకల్ ట్రైన్ ఇంత, ఇంటికి ఖత్ రాయడానికి లిఫాఫా ఇంత. ప్రతి రోజూ చివరి లైన్ మాత్రం మారలేదు: "పలంగ్, 4 రూపయే." కమ్రా అని రాయలేదు, పలంగ్ అని రాశారు. కమ్రా తీసుకునే తాఖత్ ఆ రోజుల్లో ఎవరికి ఉంది?

భాంజా వచ్చే నెల దుబాయ్ వెళ్తున్నాడు. ముంబై నుంచి టికెట్ తక్కువకు దొరికిందని అటు నుంచి తీసుకున్నాడు. ముందు రోజు రాత్రి అక్కడ ఉండాలి. ఆ కాపీ చూసి వాడు అడిగాడు: "అప్పుడు పలంగ్ కూడా కష్టమే కదా, ఇప్పుడు ఏసీ కమ్రా ఇంత చౌకగా ఎట్లా ఇస్తున్నారు?" మంచి సవాల్. జవాబ్ కోసం నాకు చాలా వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. వెళ్లాక నాకు ఒక్క విషయం సాఫ్‌గా కనిపించింది. ముసాఫిర్ తక్కువ ఇచ్చాడంటే, మిగిలిన పైసలు ఇంకెవరో భరించారని మతలబ్. ఆ ఇంకెవరో ఎవరన్నదే చౌక కమ్రా తారీఖ్.

సరాయి: భరించింది హుకుమత్

నేను చదివింది ఉర్దూ మీడియం. సరాయి అన్న లఫ్జ్ చిన్నప్పుడే తెలుసు. సత్రం అన్న మాట డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు వచ్చింది. రెండింటి పనీ ఒకటే. వేములవాడకు, ధర్మపురికి వచ్చే యాత్రికులకు సత్రాలు ఎట్లాగో, బాటసారులకు సరాయిలు అట్లా. మన దీన్‌లో ముసాఫిర్‌కు ఎంత జాగా ఉందంటే, జకాత్ తీసుకోదగిన ఎనిమిది రకాల మనుషుల్లో ‘ఇబ్నుస్సబీల్’ కూడా ఒకడు. ఇంటి దగ్గర మాల్‌దార్ అయినా సరే, దారిలో చేతిలో పైసలు లేక చిక్కుకుంటే వాడు హక్‌దారే.

షేర్ షా సూరి ఢిల్లీని ఏలింది 1540 నుంచి 1545 దాకా, ఐదేళ్లే. ఆ ఐదేళ్లలోనే పెద్ద సడక్‌ల మీద రెండు కోసులకు ఒక సరాయి కట్టించాడని తారీఖ్ రాసినవాళ్లు చెప్తారు. హిందువులకు, ముస్లింలకు వేర్వేరుగా నీళ్ల, భోజనాల ఇంతెజామ్ ఉండేది. దక్కన్‌లో కుతుబ్‌షాహీలు కూడా అదే చేశారు. గోల్కొండ పక్కన షేక్‌పేటలో వాళ్ల కాలం నాటి రెండంతస్తుల సరాయి ఇప్పటికీ నిలబడి ఉంది. ఒక పక్క మనుషులకు గదులు, ఒక పక్క ఒంటెలకు, గుర్రాలకు జాగా. మచిలీపట్నం దారిలో హయత్‌నగర్‌లో 17వ శతాబ్దంలో కట్టిన హయాత్ బక్షీ బేగం మసీదు చూడండి. మసీదు సహన్ చుట్టూ వందకు పైగా గదులు, నీళ్లకు పక్కనే పెద్ద బావి. నమాజ్, నీళ్లు, నిద్ర మూడూ ఒకే ప్రహరీ లోపల. హైదరాబాద్‌లో కార్వాన్ అన్న మొహల్లాకు ఆ పేరు కూడా కాఫిలాల నుంచి వచ్చిందే.

రైలు వచ్చాక కాఫిలా రూపం మారింది. నాంపల్లి స్టేషన్ 1907లో మొదలైంది. 1919లో, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ జమానాలో, స్టేషన్ ఎదురుగా నాంపల్లి సరాయి లేచింది. సుల్హ్ సరాయి అని ఇంకో పేరు. రైలు దిగిన గరీబు మనిషి సామాన్ మోసుకుంటూ రోడ్డు దాటితే చాలు, నామ్‌కే వాస్తే కిరాయికి తల దాచుకునే జాగా. నూరేళ్లు దాటాక ఆ ఇమారత్ శిథిలమైంది. దాని ముందు నుంచి పోతూ ఎంతమంది తల ఎత్తి చూస్తున్నారో నాకు అనుమానమే.

సరాయిలో కిరాయి అందరికీ ఒకటే. రద్దీ ఉందని పెరగదు, వాన పడుతోందని పెరగదు. ముందు వచ్చినవాడికి ముందు. ఖర్చు భరించింది హుకుమత్.

రుబాత్: భరించింది వక్ఫ్

రెండో తరీఖా వక్ఫ్. ఒక మనిషి తన ఇమారత్‌ను అల్లాహ్ పేరు మీద రాసేస్తాడు. ఆ తర్వాత దాన్ని అమ్మరాదు, బహుమానం ఇవ్వరాదు, వారసులు పంచుకోరాదు. ఏ పని కోసం రాశాడో ఆ పనికే వాడాలి. బాంబేలో హజ్ ఓడల కోసం వచ్చే హాజీలకు ఇట్లాంటి ఖైర్‌తోనే ముసాఫిర్‌ఖానాలు వెలిశాయి. క్రాఫర్డ్ మార్కెట్ వైపు సాబూ సిద్దిక్ ముసాఫిర్‌ఖానా పేరు మన పెద్దవాళ్లలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. జిద్దా ఓడ ఎప్పుడు కదులుతుందో తెలియక అక్కడ రోజులు లెక్కపెట్టినవాళ్లు ఎందరో. 1995 తర్వాత ఓడ ప్రయాణం ఆగిపోయింది. హాజీలందరూ విమానం ఎక్కారు.

మన జిల్లాలకు సంబంధించిన పెద్ద మిసాల్ మక్కాలో ఉంది. నిజాం రుబాత్. నిజాముల జమానాలో హైదరాబాద్ రియాసత్ హాజీల కోసం హరం దగ్గర వసతి గృహాలు ఏర్పాటయ్యాయి. రియాసత్ పోయి ఇన్నేళ్లయినా ఆ వక్ఫ్ షరతు పోలేదు. పాత హైదరాబాద్ రియాసత్ ఇలాఖా వాళ్లు, అంటే నేటి తెలంగాణ, మహారాష్ట్రలోని మరాఠ్వాడా, కర్ణాటకలోని కలబురగి వైపు జిల్లాల వాళ్లు, దానికి అర్హులు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నిజాం కాలంలో కరీంనగర్ జిల్లాలోవి. కాబట్టి మనకూ హక్కు ఉంది. ఎంపికైన హాజీకి మక్కాలో బస కిరాయి మిగిలిపోతుంది.

ఇక్కడ ఒక బారీక్ విషయం ఉంది. రుబాత్‌లో గదులు కొన్నే, అర్జీలు వేలల్లో. మరి ఎవరికి ఇవ్వాలి? ఎక్కువ పైసలు ఇచ్చినవాడికా? కుదరదు, కిరాయే లేదు కదా. అందుకే ఖుర్రా తీస్తారు. చీటీలో పేరు వస్తే వచ్చినట్టు. లక్షాధికారికీ, మా ఊరి బీడీ ఖార్ఖానా మున్షీకీ ఒకే చీటీ. కమ్రాలు తక్కువై మనుషులు ఎక్కువైనప్పుడు ఫైసలా ఎట్లా చేయాలన్న సవాల్‌కు సరాయి ‘ముందు వచ్చినవాడు’ అంది. రుబాత్ ‘ఖుర్రా’ అంది. మూడో జవాబ్ ‘బోలీ’. దానికి తర్వాత వద్దాం.

పలంగ్: భరించింది మన వీపు

సరాయి లేని చోట, వక్ఫ్ దొరకని చోట, మనవాళ్లు సొంతంగా ఒక తరీఖా కనిపెట్టుకున్నారు. పంచుకోవడం.

బాంబేకు మన తెలంగాణ మజ్దూర్లు పోవడం ఈనాటిది కాదు. కామాఠీపురా అన్న పేరే కామాఠీల నుంచి వచ్చింది. కామాఠీలంటే నిజాం ఇలాఖా నుంచి వెళ్లి బాంబేలో ఇమారత్‌లు, సడక్‌లు కట్టిన తెలుగు కూలీలు. తర్వాత సిరిసిల్ల నేత కార్మికులు భివండీ పవర్‌లూమ్‌లకు పోయారు. భివండీలో పద్మనగర్ వెళ్తే ఇప్పటికీ దుకాణాల ముందు తెలుగు వినిపిస్తుంది. అక్కడ పగటి షిఫ్టు మనిషి లేచిన పరుపు మీద రాత్రి షిఫ్టు మనిషి పడుకునేవాడు. పరుపు చల్లారేది కాదు. గోవా నుంచి వచ్చే ఓడ పనివాళ్లు కూడా ఇదే పని చేశారు. బాంబేలో ఊరికో ‘కుడ్డ్’ పెట్టుకుని, అక్కడ ట్రంకు పెట్టె ఉంచుకుని, ఓడ దొరికేదాకా చౌకగా ఉండేవాళ్లు.

1973 తర్వాత ఖలీజ్ దేశాల్లో నూనె ధర పెరిగింది, కట్టడాలు పెరిగాయి, మనుషులు కావాల్సి వచ్చింది. ఆ పిలుపు మన ఊళ్ల దాకా వచ్చింది. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి మనవాళ్లు హిందూ ముస్లిం తేడా లేకుండా బాంబే బస్సు ఎక్కారు. ఏజెంటు ఆఫీసు, మెడికల్, వీసా స్టాంపు, అన్నీ అక్కడే. 1983లో ఎమిగ్రేషన్ చట్టం వచ్చాక, తక్కువ చదివినవాళ్ల పాస్‌పోర్టు మీద క్లియరెన్స్ ముద్ర కూడా తప్పనిసరి అయింది. ప్రతి ముద్రకూ ఇంతెజార్. ప్రతి ఇంతెజార్‌కూ కిరాయి.

బడే మామూ డోంగ్రీ వైపు ఒక గదిలో ఉన్నారు. పది పలంగ్‌లు, పదహారు మంది. ఆరుగురు రాత్రి బయట పని చేసి పగలు పడుకునేవాళ్లు. "కిరాయి 4 రూపాయలే, కానీ నిద్ర మాత్రం ఉధార్" అంటారు ఆయన. ఊరి నుంచి కొత్తగా వచ్చినవాడికి మొదటి రెండు రాత్రులు పైసలు అడగకూడదని ఆ గదిలో ఒక ఉసూల్ ఉండేదట. దాన్ని ఎవరూ రాసి పెట్టలేదు, ఎవరూ తప్పలేదు.

2008లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు వచ్చాక ఆ మజ్బూరీ చాలా తగ్గింది. 2017లో పెద్దపల్లి నుంచి కోరుట్ల మీదుగా నిజామాబాద్ రైలు మార్గం పూర్తయింది. బాంబేలో నలభై రోజులు పడిగాపులు కాయాల్సిన జమానా పోయింది. ఒక్క రాత్రికి కమ్రా చాలు. ఆ ఒక్క రాత్రిని అమ్మే కారోబార్ ఈలోగా అమెరికాలో తయారైంది.

బోలీ: భరించింది ఖాళీ పలంగ్

షికాగోలో డెవాన్ అవెన్యూ దగ్గర ఉండే మా ఖాలాజాద్ భాయ్ 2003లో ఒక షాదీకి వచ్చినప్పుడు నాకు ఒక వింత చెప్పాడు. అక్కడ కంప్యూటర్‌లో హోటల్ వాడు రేటు చెప్పడట, మనమే చెప్పాలట. నేను నమ్మలేదు.

అది ప్రైస్‌లైన్ అనే కంపెనీ. 1998లో జే వాకర్ మొదలుపెట్టాడు. పద్ధతి ఇది. ఏ షహర్, ఏ ఇలాఖా, ఎన్ని స్టార్ల హోటల్, ఏ తారీఖు, ఇవన్నీ చెప్పి, నేను ఇంత ఇస్తానని బోలీ పెట్టాలి. కార్డు నంబర్ ముందే ఇవ్వాలి. ఆ ధరకు ఏదో ఒక హోటల్ ఒప్పుకుంటే కార్డు నుంచి పైసలు వెంటనే కట్. అప్పుడే హోటల్ పేరు తెలుస్తుంది. పేరు చూసి వద్దంటే పైసలు వాపస్ రావు. బోలీ ఓడిపోతే అదే ఇలాఖా, అదే స్టార్‌తో మళ్లీ అడగడానికి 24 గంటలు ఆగాలి. లేదా ఇలాఖా మార్చాలి, స్టార్ తగ్గించాలి. 2000లో హాట్‌వైర్ వచ్చింది. అక్కడ బోలీ లేదు, ధర చెప్తారు, కానీ పేరు మాత్రం దాచేస్తారు.

పేరు ఎందుకు దాచాలి? హోటల్ కమ్రా కూరగాయ లాంటిది. ఈ రాత్రి అమ్ముడుపోకపోతే రేపు దాని ఖీమత్ సున్నా. ఖాళీగా ఉంచడం కంటే సగం ధరకు ఇచ్చినా లాభమే. కానీ బోర్డు మీద సగం ధర రాస్తే, పూర్తి ధర ఇచ్చే ఆఫీసర్ కూడా సగమే ఇస్తానంటాడు. అందుకే పేరు పర్దాలో పెట్టి, పేరుతో పనిలేని గరీబు ముసాఫిర్‌కు చౌకగా, పేరు కావాలన్న మాల్‌దార్‌కు పూర్తి ధరకు అమ్ముతారు. ఈ అఖల్ మొదట అమెరికా విమాన కంపెనీలది. 1978లో అక్కడ టికెట్ ధరల మీద సర్కారీ పట్టు పోయాక ఒకే విమానంలో పక్క పక్క సీట్లకు వేర్వేరు ధరలు వచ్చాయి. తర్వాత హోటళ్లు నేర్చుకున్నాయి.

మన ఊళ్లలో హర్రాజ్ అందరికీ తెలుసు. చెరువు చేపలకు, పాత సామాన్‌కు హర్రాజ్ పాడతారు. అందరూ నిలబడి ఒకరి బోలీ ఒకరు వింటారు, మాల్ కళ్ల ముందే ఉంటుంది. మన దీనియాత్ ఉస్తాద్ ఏం చెప్పేవారు? హర్రాజ్ జాయెజ్. కానీ ధర పెంచడానికి దొంగ బోలీ పెట్టడం, అంటే నజష్, హరామ్. ఏం కొంటున్నామో తెలియని బేరంలో ‘గరర్’ ఉంటుందని హుషార్ చేసేవారు. ప్రైస్‌లైన్ బోలీలో మాల్ కనపడదు, పక్కవాడి బోలీ వినపడదు. ఫత్వా ఇవ్వడం నా పని కాదు, ఉలేమా ఉన్నారు. నాకు అర్థమైనంత వరకు అక్కడ చౌకదనానికి మనం ఇచ్చే అసల్ ఖీమత్ తెలియకపోవడమే. ఆ బోలీ పద్ధతిని ప్రైస్‌లైన్ తర్వాత తానే మానేసింది. 2005లో అది యూరప్‌లోని బుకింగ్ అనే కంపెనీని కొంది, 2007లో అగోడాను కొంది. ఇప్పుడు ఉమ్రాకు పోయే మన ఖాందాన్‌లు మక్కా హోటళ్లు ఈ రెండింట్లో కూడా వెతుకుతుంటారు.

యాప్: భరిస్తున్నది ఎవరు?

హిందుస్తాన్‌లో మేక్‌మైట్రిప్ 2000లో మొదలైంది, మొదట అమెరికాలోని మనవాళ్ల కోసం. 2005లో ఇక్కడి వాళ్లకు టికెట్లు అమ్మడం మొదలుపెట్టింది. 2013లో ఓయో వచ్చింది. మన ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న ఒడిశా రాయగడలో పెరిగిన రితేష్ అగర్వాల్ దాన్ని పెట్టాడు. మొదటి హోటల్ గుర్గావ్‌లో. చిన్న లాడ్జిలకు ఒకే రకం దుప్పటి, ఒకే బోర్డు, ఒకే యాప్. 2015 నుంచి జపాన్‌కు చెందిన సాఫ్ట్‌బ్యాంక్ పెట్టుబడి పెట్టింది. అంటే కొన్నేళ్లు మనం తక్కువ ఇచ్చి పడుకున్న పలంగ్ ఖర్చులో కొంత ఎక్కడో టోక్యోలో ఉన్న ఇన్వెస్టర్ భరించాడు. మిగతాది లాడ్జి మాలిక్ కమీషన్ రూపంలో భరించాడు.

మాలిక్‌లు ఊరుకోలేదు. తకరార్ కాంపిటీషన్ కమిషన్ దాకా వెళ్లింది. 2022 అక్టోబర్‌లో కమిషన్ మేక్‌మైట్రిప్-గోఐబిబోకు 223.48 కోట్లు, ఓయోకు 168.88 కోట్లు జుర్మానా వేసింది. మా దగ్గర పెట్టిన ధర కంటే తక్కువకు ఇంకెక్కడా అమ్మొద్దని హోటళ్లను కట్టేయడం కూడా కమిషన్ తప్పుపట్టిన విషయాల్లో ఒకటి. అప్పీళ్లు నడిచాయి. కానీ ముసాఫిర్‌కు అందులో ఒక సబఖ్ ఉంది: తెర మీద కనిపించేదే ఆఖరి ధర అనుకోవద్దు.

సర్కార్ వాటా కూడా ఉంది. వెయ్యి రూపాయల లోపు కమ్రాలకు జీఎస్టీ ఉండేది కాదు. 2022 జులై 18 నుంచి 12 శాతం పడింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 5 శాతానికి తగ్గింది. బిల్లులో పాత శాతం కనిపిస్తే అడగండి.

ఆ రాత్రి

ఇప్పుడు నా సొంత ఖిస్సా. 2017లో అమ్మీని ఇలాజ్ కోసం ముంబై తీసుకెళ్లాను. ఒక యాప్‌లో డిస్కౌంట్‌కు కమ్రా దొరికింది. ఏ యాప్, ఏ లాడ్జి అన్నది ఇక్కడ చెప్పను. రాత్రి పదకొండింటికి చేరాం. ఫోన్‌లో కన్ఫర్మ్ అని పచ్చ గుర్తు ఉంది. కౌంటర్ మీద మనిషి దాన్ని చూసి "ఈ రేటుకు మేం ఇవ్వం సార్, కంపెనీ వాళ్లతో మాట్లాడుకోండి" అన్నాడు. కంపెనీకి ఫోన్ చేస్తే పాట వినిపించింది, మనిషి వినిపించలేదు. అమ్మీ తన సంచీ మీద కూర్చుని "చలో బేటా, యహాఁ నక్కో" అంది. ఆమె గొంతులో గుస్సా లేదు, థకన్ ఉంది. నాకు అదే ఎక్కువ బాధ.

అప్పుడు బడే మామూకు ఫోన్ చేశాను. ఆయన కోరుట్లలో ఎవరికో చేశారు, వాళ్లు ముంబైలో ఎవరికో చేశారు. ముప్పావు గంటలో ఒక కుర్రాడు వచ్చి మా సామాన్ ఎత్తుకున్నాడు. మన వైపు వాళ్లు ఆరుగురు ఉండే చిన్న గది. అందులో నలుగురు పద్మశాలీ పిల్లలు. అమ్మీ కోసం గది మొత్తం ఖాళీ చేసి వాళ్లు మెట్ల మీద పడుకున్నారు. పొద్దున నేను పైసలు ఇవ్వబోతే "మొదటి రెండు రాత్రులకు లేదు అన్నా" అన్నాడు ఒకడు. 1981 నాటి ఉసూల్ వాడికి ఎట్లా తెలుసో నేను అడగలేదు.

ఆ రాత్రి చాలా ఆలోచించాను. కౌంటర్ మనిషి బేఇమాన్ కాకపోవచ్చు. కంపెనీ డిస్కౌంట్ ఇచ్చింది, మాలిక్ దానికి దిల్ నుంచి ఒప్పుకోలేదు. ఇద్దరిలో భరించేవాడు ఎవరో తేలలేదు. తేలనప్పుడు ఆఖరికి భరించేది కౌంటర్ ముందు నిలబడ్డ ముసాఫిర్. సరాయిలో, రుబాత్‌లో, పది పలంగ్‌ల గదిలో ఆ తకరార్ లేదు. భరించేవాడు ముందే రాజీ అయ్యాడు.

అంటే యాప్‌లు వద్దంటున్నానా? లేదు. నేనూ వాడుతున్నాను. హైదరాబాద్ దవాఖానాకు పోయే మనవాళ్లకు, ఇంటర్వ్యూకు పోయే మన బచ్చీలకు అవి చాలా ఆసాన్ చేశాయి. ఒంటరిగా వెళ్లే ఆడపిల్ల పదహారు మంది గదిలో ఉండలేదు కదా. నేను చెప్పేది ఇంతే: చౌక కమ్రా దొరికితే ఖుష్ అవ్వండి, కానీ మిగతా పైసలు ఎవరు భరిస్తున్నారో ఒకసారి పూఛ్‌తాఛ్ చేయండి.

భాంజాకు కూడా అదే చెప్పాను. బుక్ చేశాక నేరుగా ఆ హోటల్‌కు ఫోన్ కొట్టు. "ఈ పేరు మీద, ఈ రేటుకు కమ్రా ఉందా?" అని వాళ్ల నోటితో చెప్పించుకో. పనిలో పనిగా సీదా వాళ్ల రేటు ఎంతో కూడా అడుగు. హరం నుంచి గానీ ఎయిర్‌పోర్టు నుంచి గానీ దూరం చూసేటప్పుడు గీత గీసిన దూరం కాదు, నడిచే దూరం చూడు. వాపస్ రాని పైసలు ముందే కట్టకు.

వాడు అక్కడే కూర్చుని ఫోన్ చేశాడు. అవతలి మనిషి ఆ రేటు తమకు తెలియదన్నాడు, నేరుగా వస్తే 850కి ఇస్తానన్నాడు. భాంజా 699 రద్దు చేసి 850కి ఖాయం చేసుకున్నాడు. బడే మామూ కాపీ మూస్తూ, ఆ ముంబై గది కుర్రాళ్ల నంబర్ కూడా వాడి ఫోన్‌లో ఎక్కించమని నాకు చెప్పారు. ఎక్కించాను.